జపంలోని అప్పు, నోటులోని అప్పు



ప్రభువు నేర్పిన పరలోక జపాన్ని మనం రోజుకు ఎన్నిసార్లు చెబుతామో లెక్క ఉండదు. ఉదయ ప్రార్థనలో, రాత్రి ప్రార్థనలో, దివ్యబలిపూజలో చెబుతాం. ఒక్క జపమాలలోనే ఆరుసార్లు వస్తుంది. నాలుకకు అంతగా అలవాటైన ఆ జపంలో మన మెట్ట ప్రాంతపు రైతు ఇంట్లో రోజూ వినపడే మాట ఒకటి ఉంది. అది ‘అప్పు’. ఈ వారం ఆ ఒక్క మాటను ధ్యానిద్దాం.

మాటకు ఉన్న అర్థం

ఆంగ్లంలో జపించేవారు ఈ చోట అతిక్రమం అనే అర్థమిచ్చే మాట వాడతారు. లాటిన్ జపంలో ఉన్నది ‘దేబితా’, అంటే అప్పులు. మన తెలుగు జపం ఆ అర్థాన్నే నిలుపుకొన్నది. మత్తయి సువిశేషంలో రెండు చోట్లా అప్పు మాటే ఉంది. లూకా సువిశేషంలో దేవుణ్ణి అడిగేటప్పుడు పాపాలు అని, మనం మన్నించవలసినవారి విషయం వచ్చేసరికి మనకు అప్పుపడినవారు అని ఉంది. ప్రభువు మాట్లాడిన అరమాయిక్ భాషలో పాపానికీ అప్పుకూ ఒకే మాట ఉండేది. కాబట్టి ఈ విన్నపంలో ఆత్మ సంగతి మాత్రమే ఉందనీ, డబ్బు సంగతి దీనికి తగలదనీ అనుకోవడం సరికాదు.

మెట్ట పొలాల్లో అప్పు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చినా, పెద్దలకు ఇవి ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు కావడంతో నీరు వస్తే వచ్చినట్లు, లేకపోతే లేనట్లు. మునేరు పొంగితే 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ జరిగినట్లు ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు కూడా మునిగిపోతుంది. పత్తి, మిరప పెట్టుబడి ఎక్కువ అడిగే పంటలు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసింది. 2025లో పంట చేతికి వచ్చినా ధర పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది.

ఈ దెబ్బలన్నీ ముందుగా తగిలేది కౌలు రైతుకు. చాలాచోట్ల కౌలు ముందే చెల్లించాలి. పొలం పాస్‌పుస్తకం యజమాని పేరున ఉంటుంది గనుక పంట రుణం ఆయనకు సులువుగా దొరుకుతుంది, సాగు చేసేవాడికి దొరకదు. సకాలంలో చెల్లించే రైతుకు బ్యాంకు పంట రుణం ఏడాదికి 4 శాతం వడ్డీకే అందుతుండగా, కౌలు రైతు నోటు రాసిచ్చి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు. ఆ వడ్డీ నెలకు. ఏడాదికి 24 శాతం.

ఒక చిన్న లెక్క

లక్ష రూపాయలు నూటికి రెండు చొప్పున తెచ్చాడనుకుందాం. ప్రాంసరీ నోటుకు చట్టం ప్రకారం కాలపరిమితి మూడేళ్ళు. మూడేళ్ళకు వడ్డీ 72,000 అవుతుంది. పంట పోయి కట్టలేకపోతే నోటు తిరగరాస్తారు. కొత్త నోటులో అసలు 1,72,000. మరో మూడేళ్ళకు దానిమీద వడ్డీ 1,23,840. మొత్తం 2,95,840 రూపాయలు. తెచ్చింది లక్ష, ఆరేళ్ళకు తీర్చవలసింది దాదాపు మూడు లక్షలు. ఆ ఇంట్లో దురలవాట్లేమీ లేకపోయినా, అందరూ కష్టపడి పనిచేసినా ఈ లెక్క మారదు. 1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ జిల్లా రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులనుండి ఇలాంటి లెక్కలు ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పాయో మనకు తెలుసు.

లేఖనం, శ్రీసభ ఏమంటున్నాయి?

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదవండి. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టి ధాన్యం తెచ్చుకున్న యూదులు, బిడ్డలను కూడా దాస్యానికి ఇవ్వవలసి వచ్చిందని మొరపెట్టుకున్నారు. అప్పిచ్చినవారు పరాయివారు కారు, సొంత సోదరులే. నెహెమ్యా వారిని సభలో నిలదీసి, పొలాలనూ తీసుకున్న నూరవ వంతునూ తిరిగి ఇప్పించాడు. ఆ నూరవ వంతు నెలసరి వడ్డీ అని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయం. అంటే మన లెక్కలో నూటికి ఒక రూపాయి. నూటికి రెండు, మూడు ధర్మవడ్డీ అని మన ఊళ్ళలో అనేవారు ఈ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవాలి.

మత్తయి 18వ అధ్యాయంలోని నిర్దయుడైన సేవకుని ఉపమానం కూడా లెక్కతోనే నడుస్తుంది. ఒక దేనారం ఒక రోజు కూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. రాజు మన్నించిన 10,000 తలాంతులు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా తీర్చడానికి 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. ఆ సేవకుడు తోటివాని గొంతు పట్టుకున్నది 100 దేనారాలకు, అంటే 100 రోజుల కూలికి. అది చిన్న మొత్తమేమీ కాదు. పేదవానికి మూడు నెలల బతుకు. చిన్నదని కాక, తాను పొందిన మన్నింపు అంతకంటే ఎంతో పెద్దది గనుక మన్నించమని ప్రభువు అడుగుతున్నారు.

1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం (2269) ఇంకా గట్టిగా చెప్పింది. దురాశతో చేసే వడ్డీ వ్యాపారం తోటివారి ఆకలికీ చావుకూ దారితీస్తే అది పరోక్షంగా నరహత్యేనని, ఆ పాపం ఆ చేసినవారికే చెందుతుందని బోధించింది. ఈ మాటను దొంగతనాన్ని నిషేధించే ఏడవ ఆజ్ఞ కింద కాక, నరహత్యను నిషేధించే ఐదవ ఆజ్ఞ కింద చేర్చడం గమనించండి.

లేవీయ కాండం 25వ అధ్యాయంలోని జూబిలీ యాభయ్యవ ఏట పొలం తిరిగి సొంతవారికి చేరే సంవత్సరం. అందుకే 2025 జూబిలీని ప్రకటిస్తూ పోపు ఫ్రాన్సిస్ గారు పేద దేశాల అప్పులను మన్నించమని సంపన్న దేశాలను కోరారు. ఆయన 2025 ఏప్రిల్ 21న ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. జూబిలీ 2026 జనవరి 6న ముగిసింది. దేశాలు ఏం చేశాయని అడిగే ముందు మన విచారణలో మనం ఏం చేశామో అడుక్కోవాలి. ఎందుకంటే అప్పిచ్చినవారూ తెచ్చుకున్నవారూ చాలాసార్లు ఒకే గుడిలో, ఒకే పీఠం ముందు మోకరించి, ఒకరికొకరు సమాధానం చెప్పుకుంటున్నారు.

దయ అంటే అన్యాయం కాదు

అప్పిచ్చిన ప్రతివారూ దుర్మార్గులని దీని భావం కాదు. భర్త పోయాక వచ్చిన డబ్బును వడ్డీకి తిప్పి పిల్లల్ని చదివించుకునే తల్లులు ఉన్నారు. వారి అసలు ఎగవేయడం కూడా పాపమే. తీర్చగలిగి తీర్చని వానిని 37వ కీర్తన దుష్టుడనే అంటుంది. దయ చూపమని అడిగే హక్కు నిజంగా ఇబ్బందిలో ఉన్నవానిది. ఆ ఇబ్బంది నిజమో కాదో ఊరిలో అందరికీ తెలుసు.

మనం చేయగలిగినవి

అప్పిచ్చినవారు: పంట పోయిన ఏడు వడ్డీని అసలులో కలపకుండా నోటు తిరగరాయవచ్చు. అసలుకు మించి ఇప్పటికే వడ్డీ ముట్టి ఉంటే, ఆపైన మిగిలిన వడ్డీని వదులుకోవచ్చు. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయాలి.

భూమి ఉన్నవారు: 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కార్డును యజమాని అంగీకారంతో ఇచ్చేలా రూపొందింది. దానివల్ల భూమిమీద హక్కు పోదని ఆ చట్టమే చెబుతోంది. అయినా భయంతో చాలామంది సంతకం పెట్టలేదు. మన కౌలుదారుకు బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అందడానికి మన అంగీకారం కావలసి వస్తే, ఆ సంతకం పెట్టడం ఈ ప్రాంతంలో ఒక గొప్ప కారుణ్య కార్యం. దానికి మన జేబునుండి ఒక్క రూపాయి పోదు.

విచారణ అంతా కలిసి: 1462లో ఇటలీలోని పెరూజియాలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు పేదలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చే నిధిని నెలకొల్పారు. 1515లో లాతరన్ మహాసభ అటువంటి నిధులను ఆమోదించింది. డ్వాక్రా సంఘాల్లో పొదుపు నేర్చుకున్న మన అక్కచెల్లెళ్ళకు ఇది కొత్త విద్య కాదు. విచారణ గురువుల సలహాతో, లెక్కలు అందరికీ కనిపించేలా, విత్తనాల వేళకు చిన్న నిధి ఒకటి మొదలుపెట్టవచ్చు.

ఆలోచించుకొందాం

1. నా దగ్గర ఉన్న నోట్లలో ఇప్పటికే అసలంత వడ్డీ ముట్టినవి ఎన్ని?
2. నా పొలం దున్నేవానికి రుణం అందకుండా నా భయం అడ్డుపడుతోందా?
3. నేను తీర్చగలిగి వాయిదా వేస్తున్న అప్పు ఏది?
4. అప్పుల బాధతో గుడికి రావడం మానేసిన కుటుంబాన్ని ఈ వారం ఎవరు పలకరిస్తారు?

ప్రార్థన

పరలోక తండ్రీ, మేము తీర్చలేని అప్పును మీ కుమారుని సిలువమీద కొట్టివేశారు. నోటు పట్టుకున్న మా చేతులకు మీ కనికరాన్ని నేర్పండి. అప్పుతో నిద్రపట్టని మా సోదరులకు ధైర్యాన్ని, తోడును పంపండి. ఈ రాత్రి మేము పరలోక జపం చెప్పేటప్పుడు మా పెదవులు ఒకటి, మా నోట్లు మరొకటి చెప్పకుండా మమ్మల్ని కాపాడండి. ఆమెన్.