పావు మైలు పందెం – ఒక సంతకం విలువ

క్రికెట్, కబడ్డీ తెలియనివారు మన హాస్టల్లో లేరు. డ్రాగ్ రేసింగ్ పేరు మాత్రం చాలామందిమి విని ఉండము. ఇది కార్ల పందెం. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చలైటు వెలగగానే తిన్నగా దూసుకుపోవాలి. తొందరపడి ముందే కదిలితే ఎర్రలైటు వెలుగుతుంది, ఆ పందెం పోయినట్లే. 1970లలో పందెం దూరం పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు. ఈ ఆటలో అన్నిటికన్నా వేగమైన తరగతి పేరు టాప్ ఫ్యూయల్. 1977లో ఆ తరగతిలో అమెరికా జాతీయ ఛాంపియన్ అయినది ఒక స్త్రీ. ఆమె షర్లీ మల్డౌనీ.

షర్లీ 1940లో జన్మించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ అనే ఊరిలో పెరిగారు. చదువు మధ్యలోనే ఆగింది. పదహారో ఏట పెళ్లి జరిగింది. మొదట్లో ఆ ఊరి రోడ్ల మీదే పందేలు వేసేవారు. అది ప్రాణాలకు ముప్పు, మనం అనుసరించదగినది కాదు. తరువాత మెకానిక్ అయిన భర్త జాక్ కారు సిద్ధం చేయగా ఆమె సక్రమమైన ట్రాక్ మీదకు వచ్చారు. 1965లో లైసెన్సు పొందారు.

గడియారానికి ఆడ, మగ తేడా తెలియదు. ఎవరు ముందు గీత దాటితే వారిదే గెలుపు. కానీ ఆ గీత దగ్గర నిలబడనివ్వాలా వద్దా అన్నది మనుషుల చేతిలో ఉంటుంది. ఆడవాళ్లకు ఈ ఆట ఎందుకన్నవారే అక్కడ ఎక్కువ. టాప్ ఫ్యూయల్ లైసెన్సు కావాలంటే అప్పటికే పేరున్న డ్రైవర్లు ఆమె ఫారం మీద సంతకాలు చేయాలి. 1973లో అలా సంతకం చేసినవారిలో డాన్ గార్లిట్స్ ఒకరు. తరువాతి కాలంలో ఆయనే ఆమెకు గట్టి ప్రత్యర్థి! సంతకం పెట్టడమంటే గెలుపును దానం చేయడం కాదు, పోటీకి రానివ్వడం మాత్రమే. మిగతాదంతా షర్లీ సాధించుకున్నదే.

1976లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో గెలిచి, టాప్ ఫ్యూయల్ జాతీయ పోటీ నెగ్గిన తొలి మహిళ అయ్యారు. 1977, 1980, 1982లలో ఛాంపియన్‌షిప్ ఆమెదే. అంతవరకు మూడుసార్లు సాధించిన మగవాడు కూడా లేడు. 1984లో మాంట్రియల్ దగ్గర ఘోర ప్రమాదంలో రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. ఎన్నో ఆపరేషన్ల తరువాత 1986లో మళ్లీ కారెక్కారు. 2003లో విరమించారు.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లం. పరీక్షలో మార్కులు మనం తెచ్చుకోగలం. అయితే ఒకప్పుడు మన సీనియర్లు అటెస్టేషన్ కోసం గెజిటెడ్ ఆఫీసర్ల గుమ్మాల ముందు ఎంతసేపు నిలబడ్డారో వారికే తెలుసు. ఈనాడు పరిశోధనకు దరఖాస్తు చేస్తే సిఫారసు లేఖ కావాలంటారు. తెలిసినవాళ్లు లేని ఇంటి నుంచి వచ్చినవారు దాని కోసం ఎవరిని అడగాలి?

అందుకే ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. ఫారం పట్టుకొని ఏ తమ్ముడో, చెల్లెలో మీ గుమ్మానికి వస్తే రేపు రమ్మనకండి. రేపు మేము ఆ స్థానంలోకి వచ్చినా ఇదే మాట గుర్తుంచుకుంటాం. పచ్చలైటు పడ్డాక పరుగెత్తే బాధ్యత మాది.