కెబారు ఒడ్డున కనబడిన మహిమ

వాక్యపాఠము

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 33:12–23; 1 సమూయేలు 4:12–22; యెహెజ్కేలు 1:1–3, 10:18–19, 11:14–23; యోహాను 1:14; యాకోబు 2:1–4.

పాఠోద్దేశము: దేవుని మహిమ ఒక స్థలమునకో, కట్టడమునకో కట్టుబడినది కాదనియు, చెదరిపోయిన ప్రజల నడుమకు అది దిగివచ్చుననియు గ్రహించుట, ఆ మహిమ మన వీధిలో మననుండి ఏమి కోరుచున్నదో తెలిసికొనుట.



ఆదివార ఆరాధనలో "మహిమ" అను మాటను మనమెన్నిసార్లు పలుకుదుమో ఒకసారి లెక్కపెట్టి చూడుడి. ప్రార్థన ఆరంభములో ఒకసారి, ముగింపులో ఒకసారి, కీర్తన కీర్తనకు ఒకసారి; సాక్ష్యము చెప్పినవారు దేవునికి మహిమ అనియే కూర్చుందురు. ఇంతగా పలుకు మాటకు అర్థమేమని బైబిలు తరగతిలో అడిగినప్పుడు మాత్రము జవాబులు తడబడును. కొందరు వెలుగు అందురు, కొందరు శక్తి అందురు. మన ఊళ్లలో మహిమగల బావి, మహిమగల తాయెత్తు అను వాడుక ఉన్నందున మహిమ అనగా అద్భుతమే అని కొందరి మనసులో నాటుకొనిపోయినది. కనుక మొదట మాటను, తరువాత వాక్యమును, ఆ తరువాత మనము కాపురముండు ఫాక్‌లాండ్ రోడ్డును చూతము.

1. మాట యొక్క అర్థము

పాత నిబంధనలో మహిమ అని మనము చదువు హెబ్రీ మాట "కాబోద్". దాని ధాతువునకు బరువుగా నుండుట అని అర్థము. ఇది మన భాషకు కొత్త సంగతి కాదు. "గౌరవము" అను మాట "గురు" అను మాటనుండి వచ్చినది. గురు అనగా బరువైనది. బడిలో గురువు లఘువులు గుర్తించిన ప్రతి విద్యార్థికి ఇది తెలిసినదే. తేలిక మనిషి అని చిన్నచూపుతో అందుము; మాటకు బరువున్నవాడు అని మర్యాదతో అందుము. ఆ లెక్కన దేవుని మహిమ అనగా, దేవుడు ఎట్టివాడో ఆ బరువు మనకు తెలియునట్లు బయలుపడుట. వెలుగు, అగ్ని, మేఘము దానికి వస్త్రముల వంటివి.

క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట "డోక్సా". లోకవాడుకలో దానికి అభిప్రాయము, పేరు అని అర్థము. హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి తెచ్చినవారు కాబోద్ అను చోట ఈ మాటనే వాడిరి. మనుష్యులు ఇచ్చు పేరు ఒకటి, దేవుని యొద్దనుండి వచ్చు బరువు ఒకటి. యోహాను 12:43లో సువార్తికుడు ఈ రెంటిని ఎదురెదురుగా నిలిపెను. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడి. పాఠము చివర ఇది మనకు అవసరమగును.

2. మోషే అడిగినది, దేవుడు చూపినది

బంగారు దూడ పాపము తరువాత మోషే దేవుని మహిమను చూపుమని అడిగెను (నిర్గమ 33:18). దేవుడు ఇచ్చిన జవాబును గమనించుడి. మోషే మహిమను అడుగగా దేవుడు తన మంచితనమును అతని యెదుట దాటిపోజేతునని చెప్పెను. తన నామమును, తన కరుణను ప్రకటించెదననెను. తరువాతి అధ్యాయములో ఆ ప్రకటన వినినప్పుడు అందులో ఉరుము లేదు, మెరుపు లేదు. కనికరము, దీర్ఘశాంతము, కృప, సత్యము, దోషమును ఊరక విడువని నీతి ఉన్నవి (34:6–7). దేవుని మహిమలోని అసలు బరువు ఆయన స్వభావమే.

ఆ మహిమ మొదట ఎక్కడ నివసించెను? ఐగుప్తులో ఇటుకలు చేసిన కూలి జనుల నడుమ, మేకవెండ్రుకల తెరలు కప్పిన గుడారములో (నిర్గమ 40:34). రాతి దేవాలయము చాల తరములకు గాని రాలేదు. దేవుడు ఇల్లు లేని ప్రజలతో ఇల్లు లేనివానివలె నడిచెను.

3. మహిమ పోయెనా?

ఏలీ దినములలో ఇశ్రాయేలీయులు మందసమును యుద్ధమునకు మోసికొనిపోయిరి. మందసముంటే మహిమ తమ చేతిలో ఉన్నట్టే అనుకొనిరి. ఫిలిష్తీయులు దానిని పట్టుకొనిపోగా ఏలీ కోడలు మరణవేదనలో తన బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టెను. మహిమ పోయినదని ఆమె దుఃఖము. కాని మూలభాషలో ఒక విశేషము ఉన్నది. పడిపోయి మరణించిన ఏలీ బరువైనవాడని చెప్పినప్పుడును (4:18), అష్డోదువారిమీద యెహోవా హస్తము భారమాయెనని చెప్పినప్పుడును (5:6), కాబోద్ యొక్క ధాతువునుండి వచ్చిన మాటలే వాడబడినవి. యాజకుని యింటి బరువు నేలబడెను గాని దేవుని బరువు తగ్గలేదు. దాగోను బొమ్మ ఆయన మందసము ఎదుట బోర్లపడెను. మహిమను ఎవరును చెరపట్టలేదు.

4. కెబారు ఒడ్డున

ఇప్పుడు పాఠములోని ముఖ్యభాగమునకు వచ్చితిమి. క్రీ.పూ. 597లో బబులోను రాజు యెహోయాకీనును, వేలకొలది యూదులను చెరగొనిపోయెను. వారిలో యెహెజ్కేలు అను యాజకుడున్నాడు. చెరలోని అయిదవ సంవత్సరమున అతనికి దర్శనము కలిగెను. మొదటి వచనములోని ముప్పదియవ సంవత్సరము అతని వయస్సే అని అనేకులు తలంచుదురు. సంఖ్యాకాండము 4:3 ప్రకారము లేవీయులలో కహాతీయులు గుడారపు సేవలో ప్రవేశించు వయస్సు ముప్పదియే. యెరూషలేములో దేవాలయపు గడప ఎక్కవలసిన వయస్సులో అతడు పరదేశములో, కెబారు ఒడ్డున కూర్చుండెను. కెబారు బబులోను దేశములో సాగునీటికి త్రవ్విన కాలువ. నిప్పూరు వద్ద దొరికిన పురాతన మట్టిపలకలలో ఆ పేరు గల కాలువ ఉన్నది.

అక్కడ, ఆ కాలువగట్టున, అతడు యెహోవా మహిమను చూచెను. ఆ సింహాసనము క్రింద చక్రములుండెను. చక్రములున్న సింహాసనము ఒకచోట పాతిపెట్టినది కాదు. చెరపట్టబడిన ప్రజలున్న చోటికి రాగలది.

10, 11 అధ్యాయములలో మహిమ దేవాలయమును విడుచుట చూతుము. గడపనుండి తూర్పు ద్వారమునకు, ద్వారమునుండి పట్టణపు తూర్పు కొండమీదికి, ఆగి ఆగి వెళ్లెను. ఇల్లు విడువలేక విడిచిన తల్లివలె ఆ పయనము కనబడుచున్నది. కారణమేమి? ఆలయములో విగ్రహములు, దేశములో రక్తపాతము, పట్టణములో అన్యాయము (8వ అధ్యాయము, 9:9). కట్టడము ఇంకను నిలిచియుండగానే మహిమ వెళ్లెను, గోడలు క్రీ.పూ. 586లో కూలెను.

యెరూషలేములో మిగిలినవారు చెరలోనివారిని గూర్చి, వారు యెహోవాకు దూరమైనవారు, భూమి మాదే అని చెప్పుకొనిరి (11:15). దేవుడు దానికి ఎదురుగా, చెదరిపోయిన దేశములలో తానే వారికి పరిశుద్ధస్థలముగా ఉన్నానని సెలవిచ్చెను (11:16). ఊరిలో నిలిచినవాడు దగ్గర, ఊరు విడిచినవాడు దూరము అను లెక్క దేవునిది కాదు.

5. మన పితరుల కాలువ

తెలుగు బాప్తిస్టు చరిత్రలోను ఒక కాలువగట్టు ఉన్నది. 1876–78 నాటి మహాకరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వించుటకు కాంట్రాక్టు తీసికొనిరి. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికెను. ఉపదేశకులే మేస్త్రీలై, పగలు మట్టిపని చూచి, విశ్రాంతి వేళ వాక్యము చెప్పిరి. కూటికొరకు మతమని ఎవరును అనకుండునట్లు కరవు సహాయము సాగినంత కాలము బాప్తిస్మము ఇయ్యలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు ఊరి బావిలో నీళ్లు చేదుకొననియ్యబడని మాదిగవారు. ఊరు తేలికగా చూచినవారికి దేవుడు బరువిచ్చెను.

ఆ సువార్త నిజాము రాజ్యములోనికి కూడ వచ్చి, 1885లో పాలమూరులో, 1890లో నల్లగొండలో మిషను కేంద్రములు స్థాపింపబడెను. ఆ జిల్లాలనుండి కూలికి, మిల్లు పనికి ముంబయి చేరిన కుటుంబములు మూటలో బైబిలును కూడ తెచ్చుకొనిరి. చక్రములున్న సింహాసనము వారితో కదలెను.

6. ఫాక్‌లాండ్ రోడ్డున

మన రోడ్డుకు 1848–53లో బొంబాయి గవర్నరైన లార్డు ఫాక్‌లాండు పేరు పెట్టిరి. ఇప్పుడు దాని అధికార నామము మరాఠీ తమాషా కవి పఠ్ఠే బాపురావు పేరిట ఉన్నది. ప్రక్కనున్న కామాటిపుర మాత్రము, నగరములో కట్టడపు పనులకు వచ్చిన తెలుగు కామాటీల పేరనే నిలిచియున్నది. కాగితముమీద గవర్నరు పేరు మారెను; కూలివాని పేరు మారలేదు.

అయినను ఈ చిరునామా చెప్పుటకు మన పిల్లలు సిగ్గుపడుదురు. బడిలో చిరునామా వ్రాయమన్నప్పుడు ముంబయి సెంట్రల్ అని, గ్రాంట్ రోడ్ అని వ్రాసి తలవంచుకొనిన పిల్లలను మేము చూచితిమి. పెండ్లిసంబంధములలో పెద్దలు సహితము గల్లీ నంబరు చెప్పక మాట దాటవేయుదురు. వారిని తప్పుపట్టుటకు కాదు ఈ మాట. ఈ వీధికి లోకమిచ్చిన పేరు అట్టిది. కాని పైన చెప్పిన భేదమును ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి: పేరు లోకమిచ్చునది, బరువు దేవుడిచ్చునది. పది అడుగుల ఖోలీలో, నల్లా వరుసకు ముందు, తెల్లవారుజామున మోకరించిన తల్లి ప్రార్థన యెరూషలేము ఆలయపు ధూపముకంటె తేలిక కాదు. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను (యోహాను 1:14). అక్కడి గ్రీకు మాటకు గుడారము వేసికొనుట అని అర్థము. మహిమ మన చాల్‌లో కాపురమునకు వచ్చినది.

అయితే ప్రియులారా, ఈ ఆదరణతో పాఠము ముగియదు. మహిమ ఉన్నచోట ఒక ప్రశ్న కూడ ఉండును. యాకోబు పత్రిక 2:1లో యేసును మహిమగల ప్రభువని పిలిచి, వెంటనే అపొస్తలుడు మాట్లాడినది దేనినిగూర్చి? సమాజమందిరములో ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టుచున్నారనుటను గూర్చి! మహిమకు కొలబద్ద మన కూర్చునే వరుసలలో ఉన్నది.

మన గల్లీలలో దేహమమ్ముకొని బ్రదుకవలసివచ్చిన స్త్రీలున్నారు. వారిలో తెలుగు మాటలాడువారున్నారు. తెలంగాణ పల్లెలలో జోగినీలుగా విడువబడి, ఆ పిమ్మట ఈ నగరమునకు చేర్చబడినవారున్నారు. ఆ దురాచారమును నిషేధించుచు 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టము వచ్చినది. చట్టము రాకముందే తరలింపబడిన ఆడపిల్లలు నేడు ముసలివారైరి. కూలికొరకు మనము వచ్చిన ఊళ్లనుండియే వారును వచ్చిరి. అట్టి సహోదరి ఆరాధనకు వచ్చి చెప్పులు విడుచు చోటనే నిలిచిపోయినప్పుడు, లోపలికి రా అమ్మా అని ఎవరు లేచి చోటు ఇచ్చుచున్నారు? ఆమె బిడ్డను సండేస్కూలులో మన బిడ్డ ప్రక్కన ఎవరు కూర్చుండబెట్టుచున్నారు? యెరికోలోని రాహాబు పేరు ప్రభువు వంశావళిలో ఉన్నది (మత్తయి 1:5). పరిసయ్యుని యింట ప్రభువు పాదములను కన్నీళ్లతో తడిపిన స్త్రీని ఆయన గుమ్మముననే ఆపలేదు (లూకా 7:36–50). మన పరిశుద్ధత చెడునను భయముతో ఆమెను గుమ్మమున నిలిపినయెడల, ఆరాధన జరుగుచుండగానే మహిమ గడప దాటిపోవును. యెహెజ్కేలు చూచినది అదియే.

మరియొక సంగతి. మ్హాడా ద్వారా కామాటిపుర పాత ఇండ్లను పడగొట్టి కొత్తవి కట్టు ప్రతిపాదన కొన్నేండ్లుగా నడచుచున్నది. ఇంటి పత్రములు, అద్దె రసీదులు జాగ్రత్తపరచుకొనుడి. చదువురాని పొరుగువారి కాగితములను కూడ చదివిపెట్టుడి. చాల్ పోయినయెడల సంఘము పోవునని భయపడవద్దు. మీరా రోడ్డుకైనను, నవీ ముంబయికైనను, తిరిగి పాలమూరుకైనను వెళ్లుడి. ఆయన సింహాసనమునకు చక్రములున్నవి. గోడలకంటె ముందు మనము కాపాడుకొనవలసినది ఒకరిపట్ల ఒకరికి గల కనికరము. అది పోయిన తరువాత కట్టు మందిరము ఎంత గొప్పదైనను ఖాళీ యిల్లే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మోషే మహిమను అడుగగా దేవుడు తన మంచితనమును ఏల చూపెను?
2. మహిమ దేవాలయమును విడుచుటకు యెహెజ్కేలు చెప్పిన కారణములేవి? వాటిలో ఆరాధనకు సంబంధించినవేవి, పొరుగువారికి సంబంధించినవేవి?
3. ఊరిలోని సంఘములకును, వలస వచ్చిన మన సంఘములకును నడుమ దగ్గర, దూరము అను లెక్క ఎక్కడైన ఉన్నదా?
4. మన ఆరాధనలో గుమ్మము వద్దనే నిలిచిపోవువారెవరు? వచ్చే ఆదివారము వారి ప్రక్కన ఎవరు కూర్చుందురు?

ప్రార్థనాంశములు: మన గల్లీలలోని సహోదరీలకొరకు, వారి పిల్లల చదువుకొరకు, ఇల్లు మారవలసి వచ్చునని కలతపడుచున్న కుటుంబముల కొరకు, చిరునామా చెప్పుటకు సిగ్గుపడు మన యౌవనుల కొరకు.