కాడసిల్: తరతరాలకు పాకే మెదడు రక్తనాళాల జబ్బు

కాడసిల్‌కు మూలం 19వ క్రోమోజోమ్‌లోని నాచ్3 జన్యువులో వచ్చే మార్పు. 1996లో ఈ మార్పును గుర్తించారు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా, ఆడా మగా తేడా లేకుండా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. మెదడులోని సన్నని ధమనుల గోడలు దెబ్బతిని రక్తప్రసారం తగ్గుతుంది. కొందరిలో మొదట కళ్లముందు మెరుపులతో పార్శ్వపు తలనొప్పి, నడివయసులో పక్షవాతం, ఆపైన మతిమరుపు వస్తాయి. బీపీ, షుగర్ లేకుండానే చిన్న వయసులో పక్షవాతం వస్తే, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని ఆరా తీయడం చాలా అవసరం. ఎమ్మారైలో కణతల వైపు కనిపించే తెల్లని మచ్చలు అనుమానం కలిగిస్తాయి, జన్యుపరీక్ష నిర్ధారిస్తుంది. జబ్బును మాన్పే మందు ఇంకా లేదు. పొగ మానడం, బీపీని అదుపులో ఉంచడం అన్నిటికన్నా ముఖ్యం. లక్షణాల్లేని పిల్లలకు తొందరపడి పరీక్ష చేయించకూడదు. పెద్దయ్యాక, జన్యు నిపుణుల సలహాతో వాళ్లే నిర్ణయించుకోవాలి.