మంచు కరిగితేనే పారే వాగు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ జలపాతం 739 మీటర్ల ఎత్తు నుండి మూడు అంచెలుగా దూకుతుంది. మే నెలలో దాని హోరు దూరానికే వినబడుతుంది. వేసవి చివరికి తరచుగా తడి ఆరిన బండే మిగులుతుంది. దానికి నీరిచ్చే యోసెమిటీ వాగుకు కొండమీది మంచే ఆధారం.

యోబు 6:15-20 చదవండి. తన స్నేహితులను యోబు అలాంటి వాగుతోనే పోల్చాడు. నీటికోసం ఆశతో వచ్చిన బాటసారులకు నిరాశే మిగిలింది.

హెచ్-1బి ఉద్యోగం పోయిన కుటుంబానికి సాధారణంగా 60 రోజుల గడువే ఉంటుంది. మొదటి వారం అందరం ఫోన్ చేస్తాం. మరి ఆరో వారం? దాహం అప్పుడే ఎక్కువ.

క్రీస్తు ఇచ్చే నీరు లోపలే ఊరే బుగ్గ (యోహాను 4:14). ఈ వారం అలాంటి ఒక ఇంటి తలుపు తట్టండి.