ఆన్‌లైన్ మానసిక చికిత్స – ఏమి ఆశించవచ్చును?

దేహానికి జ్వరం వస్తే మనము దాచుకోము. పొరుగువారికి చెబుతాము, సెలవు చీటీలో రాస్తాము, డాక్టరు వద్దకు వెళతాము. మనసుకు కలత కలిగినప్పుడు మాత్రం తలుపులు మూసుకుంటాము. ఆ మూసిన తలుపుల లోపలికే నేడు సెల్‌ఫోను ద్వారా చికిత్స వస్తున్నది. రుసుము పుచ్చుకొని ప్రైవేటుగా చికిత్స చేసే థెరపిస్టులు వీడియోలో మాట్లాడటం 2020 నాటి కరోనా కాలం నుండి మన పట్టణాలలోను వాడుకలోకి వచ్చినది. దీనిని గురించి విద్యార్థులు నన్ను అప్పుడప్పుడు అడుగుతూ ఉంటారు. నేను మనస్తత్వశాస్త్రం చదివినవాడను కాను, తెలుగు ఉపన్యాసకుడను. అయితే ఈ చికిత్సకు పనిముట్టు మాట. మాటతో నాకు కొంత చనువు కలదు కనుక ఈ వ్యాసం రాయ సాహసించినాను.

మరొక కారణం కూడా కలదు. కొంతకాలం క్రిందట ఒక విద్యార్థిని తరగతి ముగిసిన తరువాత నా బల్ల వద్ద నిలిచి, "రాత్రులు నిద్ర రావటం లేదు సార్, చదివినది నిలవటం లేదు" అన్నది. నేను అరగంట సేపు ఉపదేశం చేశాను. వేళకు పడుకోవలెనన్నాను, ఫజర్ నమాజు తరువాత చదువుకోవలెనన్నాను, తల్లిదండ్రుల ఆశలను గుర్తు చేశాను. ఆమె "సరే సార్" అని వెళ్లిపోయినది. తరువాత పదిహేను రోజులు కళాశాలకు రాలేదు. ఆ అరగంటలో నేను ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా స్ఫురించినది. ఆమె అక్క ఎవరినో విచారించి ఆన్‌లైన్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టును కుదిర్చినది. ఇక్కడ నేను రాస్తున్న కొన్ని సంగతులు ఆమె అనుమతితో, ఆనవాలు తెలియకుండా చెబుతున్నవే.

దూరం నుండి మానసిక చికిత్స చేయటం నిన్న మొన్నటి మాట కాదు. 1959లోనే అమెరికాలోని నెబ్రాస్కాలో మానసిక వైద్యులు టెలివిజన్ తెరల సాయంతో రోగులతో మాట్లాడిచూచినారు. దిగులు, ఆందోళన వంటి బాధలలో ఆన్‌లైన్ చికిత్స ముఖాముఖి చికిత్సకు దాదాపు సమానమైన ఫలితమిస్తున్నదని ఇటీవలి పరిశోధనలు పలు చెబుతున్నవి. కనుక ఇది రెండవ రకం సరుకు అన్న శంక అక్కరలేదు.

మొదటి సెషన్‌లో ఏమి జరుగును? సాధారణంగా అది నలభై అయిదు నుండి యాభై నిమిషాల సేపు ఉంటుంది, తరువాత వారానికొకసారి. మొదట థెరపిస్టు మన గొంతు వింటాడు, మనము ఆయన సలహా కోసం ఎదురుచూస్తాము. సలహా రాదు. ప్రశ్నలు వస్తవి. నిద్ర ఎట్లా ఉన్నది, అన్నం సహిస్తున్నదా, ఇంట్లో ఎవరెవరు, ఈ బాధ ఎప్పటి నుండి అని అడుగుతారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చినదా అని కూడా సూటిగానే అడుగుతారు. ఈ ప్రశ్న విని చాలామంది బెదరిపోతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను చెప్పుకొనే వీలు మాత్రం కలుగుతుంది. మొదటి రోజు ముగియగానే "ఇంత రుసుము ఇచ్చి నేనే మాట్లాడి వచ్చితిని గదా" అనిపించటం సహజం. మా విద్యార్థినికీ అట్లే అనిపించినదట. రెండు మూడు సెషన్లయినా కానిదే మంచిచెడ్డలు తేల్చరాదు. అప్పటికీ మనసు విప్పబుద్ధి కాకపోతే ఆ మాటే చెప్పి మరొకరిని చూచుకోవచ్చును. అది అమర్యాద కాదు, వారు నొచ్చుకోరు.

ఇంటి పని కూడా ఉంటుంది. 1960ల దశకంలో ఆరన్ బెక్ అనే అమెరికన్ వైద్యుడు రూపొందించిన పద్ధతి నేడు విరివిగా వాడుకలో ఉన్నది. బాధ కలిగిన వేళ మనసులో ఏ తలపు మెదిలినదో నోటుపుస్తకంలో రాసి, అది ఎంతవరకు నిజమో తరచి చూచుకోవటం అందులో ఒక భాగం. "ఈ పరీక్ష పోతే నా బ్రతుకు పోయినట్లే" అని రాసుకున్న వాక్యాన్ని మరునాడు పగటివేళ చదివితే అందులో ఎంత అతిశయోక్తి ఉన్నదో మనకే తెలుస్తుంది. అలంకారశాస్త్రం పాఠం చెప్పేవాడికి ఈ సంగతి తమాషాగా తోచినది.

ఇక నేను గట్టిగా చెప్పదలచినది భాషను గురించి. మన విద్యార్థులు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలోను తరగతిలోను తెలుగు, దరఖాస్తులలో ఇంగ్లీషు వాడుతారు. థెరపిస్టు ఎదుట కూర్చోగానే ఎందుకోగాని అందరూ ఇంగ్లీషు మాటలే వెదుక్కుంటారు. ప్రతి బాధా "డిప్రెషన్" అయిపోతుంది, లేకుంటే "టెన్షన్" అయిపోతుంది. తెలుగులో బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు. హాస్టలులో చేరిన పిల్లవాడి బెంగ అమ్మ కనబడితే తీరుతుంది. దిగులు అమ్మ పక్కనే కూర్చున్నా తీరకపోవచ్చును. గుబులు జరగబోయేదానిని గురించి. వెలితి అనేది మరొకటి. అక్కడ నొప్పి కూడా ఉండదు, ఖాళీ మాత్రమే ఉంటుంది. అట్లే మన ఇళ్లలో "దిల్ ఘబ్రారా" అంటే అందులో భయం, గుండె దడ, ఊపిరాడకపోవటం మూడూ ఇమిడి ఉన్నవి. "ఉదాసీ" అంటే ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. పేరు మారితే చికిత్స కూడా మారవచ్చును.

మా విద్యార్థిని రెండు సెషన్లు "డిప్రెషన్" అనే చెప్పినదట. మూడవసారి ఆ సైకాలజిస్టు, "ఇంట్లో మీ అమ్మకు చెప్పవలసి వస్తే దీనిని ఏ మాటతో చెబుతారు?" అని అడిగినారు. ఆమె దక్కనీలో ఒక్క వాక్యం చెప్పి ఏడ్చివేసినది. అది దిగులు కాదు, భయం. చదువు మధ్యలో మాన్పించి పెళ్లి చేస్తారేమోనన్న భయం. ఆ మాట ఆమె నా బల్ల వద్ద నిలిచిన నాడే పెదవుల మీద ఉన్నదేమో, నేను ఎరుగను.

కనుక థెరపిస్టును కుదుర్చుకొనేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావలెను: "మీకు తెలుగు వచ్చునా? ఉర్దూ వచ్చునా?" ఆన్‌లైన్ చికిత్స వలన కలిగిన గొప్ప మేలు ఇక్కడే ఉన్నది. మన ఊరిలో మన భాష మాట్లాడే సైకాలజిస్టు లేకపోయినా హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండవచ్చును.

అర్హతల విషయంలో జాగ్రత్త అవసరం. ఎం.బి.బి.ఎస్. పైన మానసిక వైద్యం చదివిన డాక్టరు మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, సంభాషణ ద్వారా చికిత్స చేస్తారు. వారి పేరు 1992 నాటి చట్టం క్రింద పనిచేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో నమోదై ఉండవలెను. "కౌన్సెలర్", "కోచ్" అన్న మాటలను మాత్రం నాలుగు వారాల కోర్సు చేసినవారు కూడా తగిలించుకొంటున్నారు. రిజిస్ట్రేషన్ సంఖ్య అడగటానికి మొహమాటపడరాదు. రుసుమెంత, సెషన్ రద్దయితే డబ్బు తిరిగి వచ్చునా అన్నవి కూడా ముందుగానే అడగవలెను. రుసుము భరించలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ కలదు. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

చెప్పిన మాట బయటికి పొక్కునా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చినది. అయితే ఈ హక్కుకు మినహాయింపులు కలవు, వాటిలో ముఖ్యమైనది ప్రాణాపాయం. అందుకే థెరపిస్టు మొదటనే మన చిరునామా, అవసరమైతే ఫోను చేయదగిన మనిషి పేరు తీసుకుంటారు. తెరకు అవతల ఉన్నవారు మన చేయి పట్టుకొని ఆపలేరు గదా. ప్రాణం మీదికి వచ్చిన వేళ, లేనివి కనబడటం, వినబడటం వంటి లక్షణాలున్నప్పుడు వీడియోతో సరిపెట్టరాదు, ఆసుపత్రికి వెళ్లవలెను.

తెర మీద ముఖం కనబడుతుంది, ఒణికే చేతులు కనబడవు. కనుక "చేతులు ఒణుకుతున్నవి" అని నోటితో చెప్పవలెను. కాసేపు మౌనం కలిగితే నెట్‌వర్కు పోయినదేమోనని ఇద్దరూ కంగారుపడతారు. లైను తెగితే ఎవరు తిరిగి పిలవవలెనో ముందే అనుకోవటం మంచిది.

"నమాజు, దువా చాలవా సార్?" అని ఒక విద్యార్థి అడిగినాడు. పదవ శతాబ్దంలో, అనగా 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు దేహారోగ్యానికి, మనసు ఆరోగ్యానికి కలిపి ఒక గ్రంథం రాసినాడు. మనసు జబ్బుకు మన సొంత ఆలోచన ఒక మందు అనీ, ఎదుటి మనిషి మాట మరొక మందు అనీ ఆయన వివరించినాడు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, తెలియని దుఃఖాన్నీ వేరు చేసి చూపినాడు. ఆయన దీనిని దీనుకు విరుద్ధమని తలచలేదు. నేనైతే ఆ విద్యార్థికి రెండూ చేయమన్నాను.

చివరి ఇబ్బంది అన్నిటికంటె చిన్నదిగా కనబడును గాని మన పిల్లలకు అదే పెద్దది. తలుపు వేసుకొనే గది లేదు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉన్న చోట యాభై నిమిషాలు ఏకాంతంగా ఎవరు మాట్లాడగలరు? మా విద్యార్థిని మొదటి రెండు సెషన్లు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చొని, కింద ఎవరైనా మెట్లెక్కుతున్నారేమోనని చూస్తూ మాట్లాడినది. మూడవసారి నుండి మా శాఖ గది తాళం చెవి అడిగినది.

కళాశాల కమిటీ పెద్దలకు ఇక్కడొక మనవి. గ్రంథాలయం వెనుక పాత పత్రికలు పేర్చిన గది ఒకటి ఉన్నది. దానికి తలుపు గడియ బాగు చేయించి, ఒక కుర్చీ, బల్ల వేయించి, వైఫై అందేటట్లు చేస్తే చాలును. ఎవరు ఎందుకు వాడుతున్నారో రిజిస్టరులో రాయించరాదు. ఆ ఏర్పాటు జరిగేదాకా గురువారం సాయంత్రం నాలుగు గంటలకు తెలుగు శాఖ గది ఖాళీగా ఉంటుంది. తాళం చెవి అటెండరు వద్ద ఉంటుంది. ఎందుకని అతడు అడగడు.