రాచకురుపు లెక్కలు: పల్లె యెంత, పట్టణ మెంత

మన సంఘ సభ్యులలో పలువురికి ఒక నమ్మకము కలదు. క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచకురుపని పిలిచిన వ్యాధి, పట్టణవాసులదనియు, కాయకష్టము చేసి జొన్నకూడు తినువానిని అది ముట్టదనియు వారి తలంపు. మరికొందరు దీనికి సరిగా ఎదురుమాట చెప్పుదురు. ప్రత్తికిని మిరపకును మందులు కొట్టి కొట్టి పల్లెలన్నియు క్యాన్సరు పాలైనవనియు, పట్టణమే మేలనియు వీరి వాదము. ఈ రెండు మాటలను ఒకే అరుగుమీద, ఒకే సాయంకాలము మేము వినియున్నాము. ఏది నిజమో తేల్చుటకు లెక్కలు కావలెను. లెక్కలు కలవు. వానిని చదువు విధము తెలియనిచో అవి మనలను తప్పుదారి పట్టించును గాన, ఈ నెల పాఠమునకు ఆ విషయమునే తీసికొంటిమి.

మొదట లెక్క కట్టు పద్ధతి. ఒక జిల్లాలో ఏటికి వేయిమందికి క్యాన్సరు పుట్టినది, మరియొక జిల్లాలో రెండువేల మందికి పుట్టినది అనిన మాత్రమున రెండవ జిల్లా చెడ్డదని చెప్పరాదు. జనసంఖ్య తెలియవలెను. నూరు టిక్కీలు పండించితినని ఒక రైతు చెప్పినపుడు, ఎన్ని యెకరములలోనని మనము అడుగము గదా అనుకొనుడు, తప్పక అడుగుదుము. అట్లే వ్యాధిని లక్ష జనమునకు ఏటికి ఇంతమందియని చెప్పుదురు. ఇంకొక చిక్కు గలదు. క్యాన్సరు ముఖ్యముగా వయసు మీరినవారికి వచ్చు వ్యాధి. ముసలివారు ఎక్కువగా నున్న ఊరిలో అది ఎక్కువగా కనబడును. గుంటూరు మిర్చి యార్డునకు ఒకడు బాగుగ ఎండిన కాయను, మరొకడు తేమ గల కాయను తెచ్చిన యెడల, కాటా తూకమును బట్టి ఎవని పంట మెండో చెప్పవచ్చునా? తేమ తీసివేసి పోల్చవలెను. అట్లే వైద్యగణకులు రెండు జిల్లాల జనమును ఒకే వయసుల పాలునకు తెచ్చి, ఆపైన పోల్చుదురు. ఇకమీద మేము చెప్పు అంకెలన్నియు అట్లు సరిచేసినవే.

మన దేశమున ఈ లెక్కను భారత వైద్య పరిశోధన మండలివారు 1981లో జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ కార్యక్రమమను పేర ఆరంభించిరి. తొలి రిజిస్టర్లు బొంబాయి, మదరాసు, బెంగుళూరు వంటి మహానగరములలోనివి. పల్లెజనము కొరకు మొట్టమొదట పెట్టిన రిజిస్టరు మహారాష్ట్రమందు షోలాపూరు జిల్లాలోని బార్శీది. అది 1987లో ఆరంభమైనది. 2020లో ప్రకటించిన నివేదికలో 28 రిజిస్టర్ల లెక్కలు గలవు. అందు ఢిల్లీ నగరమున లక్ష మంది పురుషులలో ఏటికి 147 మందికిని, లక్ష మంది స్త్రీలలో 141 మందికిని క్రొత్తగా క్యాన్సరు పుట్టుచున్నట్లు కలదు. హైదరాబాదు జిల్లాలో పురుషులకు 101.6, స్త్రీలకు 136. అదే నివేదికలో మరాఠ్వాడా మెట్టప్రాంతమైన ఉస్మానాబాదు, బీడు జిల్లాలను చూడుడు: పురుషులకు 39.5, స్త్రీలకు 49.4. అవి మనవలెనే నల్లరేగడి నేలలు. ప్రత్తి అక్కడను పంటయే. ఢిల్లీ పురుషునితో పోల్చిన అక్కడి పురుషునికి వ్యాధి నాలుగవ వంతు కంటె కొంచెము హెచ్చు మాత్రమే. దీనిని చూచిన వాడెవడైనను పల్లె చల్లగా నున్నదని సంతసించును.

సంతసించుటకు ముందు రెండవ లెక్కను చూడవలెను. రిజిస్టరు ఆసుపత్రులను, పరీక్షశాలలను తిరిగి, వ్యాధి యని తేలినవారిని వ్రాసికొనును. ఆసుపత్రి గడప త్రొక్కనివాడు, మరణ పత్రమునను వ్యాధి పేరు లేనివాడు, ఆ పుస్తకమున ఎక్కడు. అందుచే కొందరు పండితులు వేరు త్రోవ పట్టిరి. 2001 మొదలు 2003 వరకు దేశమందలి 6,671 చిన్న ప్రదేశములలో, సుమారు 11 లక్షల యిండ్లలో జరిగిన మరణములను గూర్చి, శిక్షణ పొందినవారు ఇంటింటికి పోయి, చనిపోయినవాని ఆప్తులను అడిగి, వ్యాధి లక్షణములను వ్రాసికొనిరి. ఆ వ్రాతలను ఇద్దరు వైద్యులు వేరువేరుగా చదివి మరణకారణమును నిర్ణయించిరి. ఇట్లు 1,22,429 మరణములను పరిశీలింపగా 7,137 క్యాన్సరు వలన కలిగినవని తేలెను. 2012లో ప్రకటింపబడిన ఆ ఫలితమును రైతు సోదరులు శ్రద్ధతో చదువవలెను. 30 మొదలు 69 యేండ్ల వయసు గలవారిలో, లక్షకు ఏటికి క్యాన్సరు మరణములు పల్లె పురుషులలో 95.6, పట్టణ పురుషులలో 102.4, పల్లె స్త్రీలలో 96.6, పట్టణ స్త్రీలలో 91.2. అనగా పల్లెకును పట్టణమునకును భేదము లేదనియే చెప్పవలెను. (ఈ అంకెలను పైనున్న రిజిస్టరు అంకెలతో నేరుగా పోల్చరాదు. అవి అన్ని వయసులకు చెందిన క్రొత్త వ్యాధులు. ఇవి నడివయసువారి మరణములు. పల్లెను పట్టణముతో పోల్చుటకే వీనిని వాడుకొనవలెను.)

వ్యాధి పుట్టుకలో పల్లె పట్టణమునకు మూడవ వంతో నాలుగవ వంతో; చావులో మాత్రము సమానము. ఈ రెండును ఎట్లు పొసగును? కొంత వరకు పుట్టుకలో భేదము నిజమైనదే. మిగిలిన దానికి రెండు కారణములు కలవు: పల్లెలో వ్యాధి పుట్టినను పుస్తకమున ఎక్కకపోవుట ఒకటి, తేలినవారు ఆలస్యముగా తేలి, బ్రతుకక పోవుట రెండవది. ఆ పరిశోధనమందే ఇంకొక అంకె గలదు. చదువు లేనివారిలో క్యాన్సరు మరణములు, చక్కగా చదివినవారిలో కంటె ఇంచుమించు రెండింతలు. గాలి, నీరు, అన్నము కంటె, ఎప్పుడు ఎవరి యొద్దకు పోయితిమన్నదే ఇందు ఎక్కువ పని చేయుచున్నదని మా అభిప్రాయము. పొగాకు వాడుకయు చదువు లేనివారిలో హెచ్చు; అదియు లెక్కలోనికి వచ్చును.

క్యాన్సరు అన్నది ఒక్క వ్యాధి కాదు. రొమ్ము క్యాన్సరు నిజముగనే నగరములలో హెచ్చు. హైదరాబాదు జిల్లాలో లక్ష స్త్రీలకు 48. ఆ నివేదికలోని జిల్లాలన్నింటిలో అదియే మొదటిది. ఆలస్యముగా కాన్పు, తక్కువ బిడ్డలు, తక్కువ కాలము చనుబాలిచ్చుట, ఒళ్లు కదలని పని, స్థూలకాయము ఇందుకు కారణములుగా చెప్పబడుచున్నవి. గర్భాశయ ముఖమున వచ్చు క్యాన్సరు మాత్రము చిరకాలముగా పల్లెలోని పేదరాలి వ్యాధి. అది ఒక సూక్ష్మక్రిమి వలన పుట్టి, పది పదునైదేండ్లు నొప్పి లేకుండ పెరుగును. చుక్క రక్తము కనబడిన నాటికి చాలమందిలో అది ముదిరి యుండును.

లెక్కలో అంత చల్లగా కనబడిన ఉస్మానాబాదు జిల్లాలోనే దీనిని గూర్చి పెద్ద పరీక్ష యొకటి జరిగినది. 1999లో ఆరంభించి, 52 గ్రామ సముదాయములలో 30 మొదలు 59 యేండ్ల వయసు గల 1,31,746 మంది స్త్రీలను ఎంచుకొనిరి. కొన్ని సముదాయములలో ఆ క్రిమి కలదో లేదో ఒక్కసారి మాత్రము పరీక్షించి, ఉన్నవారికి చికిత్స చేసిరి. కొన్నింటిని ఎప్పటివలెనే విడిచిరి. ఎనిమిదేండ్లకు చూడగా, క్రిమిపరీక్ష జరిగిన 34,126 మందిలో ఈ వ్యాధిచే చనిపోయినవారు 34 మంది. విడిచిపెట్టిన 31,488 మందిలో 64 మంది. ముదిరిన స్థితిలో తేలినవారు ఇటు 39, అటు 82. ఒక్క పరీక్షతో చావులు ఇంచుమించు సగమైనవి. మొత్తము వ్యాధి తక్కువనిపించుకొన్న జిల్లాలోనే, వెదకిన చోట ప్రాణములు నిలిచినవి. మా యింటి ఆడవారికి అట్టి రోగములు లేవని చెప్పు పెద్దమనుష్యులు ఈ అంకెను రెండుమారులు చదువవలెను.

ఇక పల్లెయే ముందు నిలుచు క్యాన్సరు మన తెలుగుదేశమందే కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్టను వెలిగించిన కొనను నోటిలోపల పెట్టి పీల్చు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ యందురు. నిప్పు అంగిటికి తగులుచుండును. 1960 దశకమున బొంబాయి పరిశోధకులు దేశమందు ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్లను ఇంటింటికి పోయి పరీక్షించిరి. అందు శ్రీకాకుళము ఒకటి. అంగిటి క్యాన్సరు అడ్డపొగ త్రాగువారియందు తేలెను. ఏ నగరమందును ఇట్టి రోగము ఈ మాత్రము లేదు. మిజోరాములోని ఐజాల్ జిల్లాను గూడ చూడుడు. అక్కడ పురుషులకు లక్షకు 269.4, దేశమున అదియే అగ్రము. అది ఢిల్లీ వంటి మహానగరము కాదు, పొగగొట్టములున్న కర్మాగారముల ఊరును కాదు. పొగాకు వాడుక అక్కడ అత్యధికము. ఈ మాట వ్రాయునపుడు మాకు సంకోచము లేకపోలేదు. పొగాకు బోర్డు గుంటూరులోనే యున్నది. ఒంగోలు, కందుకూరు ప్రాంతములలో ఎన్ని సంసారములు ఆ ఆకుమీద నిలిచినవో మేమెరుగుదుము. అమ్ముకొనుట వేరు, నములుట వేరు అని మాత్రము చెప్పగలము.

పురుగుమందుల మాట మిగిలినది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో లిండేనును మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుగను, మలాథియాను, డయాజినాను, గ్లైఫోసేటులను బహుశః కలిగించునవిగను నిర్ణయించినది. కావున భయము ఆధారము లేనిది కాదు. చేతితో మందు కలుపుట, గాలికెదురుగా కొట్టుట, తడిసిన చొక్కాతోనే అన్నము తినుట మానవలెనని మేము ప్రతి యేడును చెప్పుచున్నాము. క్యాన్సరు మాట యటుంచి, అప్పటికప్పుడే ప్రాణము తీయు విషములవి. అయితే పల్లెలోని క్యాన్సరంతయు మందుల వలననే యనుట లెక్కకు నిలువదు. పంజాబులోని మాల్వా ప్రత్తిదేశమునుండి రోగులను బికనీరుకు తీసికొనిపోవు రైలుబండికి క్యాన్సరు బండి యని పేరు వచ్చినది. అక్కడ మాన్సా, సంగ్రూరు జిల్లాలలో రిజిస్టర్లు పెట్టి చూడగా, వ్యాధి చండీగఢ్ నగరములో కంటె తక్కువగనే కనబడెను. తక్కువగా దొరకినదా, తక్కువగా నున్నదా యను ప్రశ్న అక్కడను మిగిలియే యున్నది.

2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బలభద్రపురమున క్యాన్సరు విపరీతముగా నున్నదని వార్త పుట్టగా, వైద్యబృందములు ఇంటింటికి తిరిగినవి. అట్లు తిరుగుటయే సరియైన పని. ఇట్టి వార్త మన ఊరిలో పుట్టినపుడు వేయదగిన చిన్న లెక్క యొకటి చెప్పెదము. 2,000 జనము గల గ్రామమున, లక్షకు 100 చొప్పున, ఏటికి ఇద్దరికి వ్యాధి పుట్టవలెను. అట్టి గ్రామములు నూరు ఉన్నచో, ఏ ప్రత్యేక కారణమును లేకయే, ఒక యేట సుమారు 13 గ్రామములలో ఒక్కరికిని రాదు; సుమారు 5 గ్రామములలో ఐదుగురికో అంతకు మించియో వచ్చును. ఆ యైదు గ్రామములవారు చెరువును, కర్మాగారమును, మందుల కొట్టును నిందింతురు. ఆ పదుమూడు గ్రామములవారు తమ నీరు అమృతమందురు. ఒక్క యేటి లెక్క చాలదు. వరుసగా నాలుగైదేండ్లు అట్లే యున్నచో, లేక ఒకే రకపు క్యాన్సరు చిన్న వయసువారిలో పలువురికి కనబడినచో, అప్పుడు ఊరుకొనరాదు. జిల్లా వైద్యాధికారికి పేర్లు, వయసులు, రోగములు, సంవత్సరములతో వ్రాసి పంపవలెను.

మన గుంటూరు, ప్రకాశము జిల్లాల సంగతి చెప్పుమందురా? 2020 నివేదికలోని 28 రిజిస్టర్లలో ఆంధ్రప్రదేశమందలి జిల్లా యొక్కటియు లేదు. అదిగాక 2022లో గుంటూరు జిల్లా మూడు ముక్కలై పల్నాడు, బాపట్ల వేరైనవి. ప్రకాశము సరిహద్దులును మారినవి. జనసంఖ్య మారిన పాత లెక్కకును క్రొత్త లెక్కకును పొత్తు కుదురదు. కావున నేడు మన మిరపసీమలో వ్యాధి హెచ్చనువాడును, తక్కువనువాడును ఊహ చెప్పుచున్నవాడే.

ఇంతలో చేయదగిన పనులు కలవు. నోటిలో మూడు వారములకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, రొమ్మున గడ్డ, ముట్లుడిగిన తరువాత రక్తము: వీనిలో ఏది కనబడినను పసరువైద్యముతో నెలలు గడపక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. ముప్పది యేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయముఖము పరీక్షించుట ప్రభుత్వ కార్యక్రమముననే కలదు. ఏ లక్షణము లేకున్నను అడుగవచ్చును. ఆరోగ్యశ్రీ పేరున 2007లో ఆరంభమైన పథకమున క్యాన్సరు చికిత్స చేరినది. మిరప కోతల కాలమున ఆడకూలీలకు ఒక పూట సెలవు లేక ఈ పరీక్ష తప్పిపోవుచున్నది. ఆ పూట కూలి పట్టకుండ పంపుట భూస్వాములైన సభ్యుల చేతిలోని పని.

చికిత్సకై గుంటూరులో బంధువుల యింట దిగియున్నను, ఆసుపత్రిలో చిరునామా అడిగినపుడు సొంత గ్రామము పేరే చెప్పవలెను. లేనియెడల పల్లెవాని రోగము పట్టణపు లెక్కలో కలియును. ఇంట మరణము జరిగినపుడు 21 దినములలోగా తెలుపవలెనని 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము. గ్రామపంచాయతీ పుస్తకమున మేము చూచినంతవరకు వృద్ధాప్యము, గుండె ఆగుట అను రెండు మాటలే నిండియున్నవి. చనిపోయినవారికి ఆసుపత్రివారిచ్చిన చివరి కాగితము ఉన్నచో దానిని కార్యదర్శికి చూపి, అందున్న రోగము పేరునే వ్రాయుమని అడుగవలెను.