ట్రాక్టరుపై అంటిన స్టిక్కర్లను రంగు చెడకుండ తీయుట

వంశధార యొడ్డున గల శ్రీముఖలింగములో మహాశివరాత్రికి, ఆ తరువాత జరుగు చక్రతీర్థ స్నానమునకు చుట్టుపట్ల గ్రామములనుండి వేలాది జనులు వత్తురు. తిరిగి పోవునప్పుడు మధుకేశ్వరుని బొమ్మగల స్టిక్కరు ఒకటి కొని బండికి అంటించుకొనుట చాలమందికి అలవాటు. దానికితోడు బండి అమ్మినవారి పేరు, అప్పిచ్చినవారి పేరు, ఎన్నికలనాటి గుర్తు, పిల్లలు అంటించిన సినిమా బొమ్మ. నాలుగైదు ఏండ్లకు బానెట్టుమీద జానెడు ఖాళీ మిగులదు.

అంటించుట సులభమే. తీయుటలోనే చిక్కు వచ్చును. ఒక రైతు పాత ట్రాక్టరు కొని, వెనుకటి యజమాని పేరును కొడవలి మొనతో గీకినాడనుకొందము. పేరు పోవును, దానితో రంగును పోవును. గీత పడినచోట రేకు బయటపడి, ఒక్క వానకాలములోనే తుప్పు పట్టును. కళింగపట్నము వైపు సముద్రపు ఉప్పుగాలి తగులు ఊళ్లలో ఇది మరింత త్వరగా జరుగును. తుప్పు ఆ గీతవద్దనే ఆగదు. చుట్టునున్న మంచి రంగు క్రిందికి ప్రాకి దానిని పొక్కులుగా లేపును.

ఇప్పటి స్టిక్కరు కాగితము గాదు, పలుచని ప్లాస్టిక్కు పొర. దాని జిగురు చలికి గట్టిపడును, వేడికి మెత్తబడును. ఈ ఒక్క సంగతి తెలిసిన యెడల పని సగమైనట్లే. పుష్యమాసపు తెల్లవారుజామున ఎంత లాగినను అది ముక్కలగును. కొంచెము ఎండెక్కిన పిదప సులభముగా లేచి వచ్చును.

మొదట బండిని నీటితో బాగుగా కడుగవలెను. ఇసుక రేణువు మిగిలినచో అదే రంగును గీకును. పిమ్మట చేయి ఓర్చునంత వేడినీటిలో గుడ్డను తడిపి, పిండి, స్టిక్కరుపై రెండు మూడు నిమిషములు పరచి ఉంచవలెను. ఒక అంచును గోటితోగాని, పాత ప్లాస్టిక్కు కార్డుతోగాని లేపి, పైకి ఎత్తి లాగక, వెనుకకు మడిచి రేకునకు దగ్గరగా నెమ్మదిగా లాగవలెను. ఆగిపోయినచోట మరల వేడిగుడ్డ వేయవలెను. తొందరపడితే ముక్కలగును. దేవుని బొమ్మను కత్తితో గీకుటకు మన రైతుకు చేయి రాదు. ఈ పద్ధతిలో అది చెదరక వచ్చును గనుక ఆ సంకోచమును తీరును. తల జుట్టు ఆర్పుకొను వేడిగాలి యంత్రమున్నచో జానెడు దూరమునుండి, ఒకేచోట నిలుపక కదుపుచు వాడవచ్చును. మంట చూపుట మాత్రము ఎన్నడును కూడదు. చల్లని అద్దముపై మరుగునీరు పోసిన యెడల అద్దము పగులును.

ఊరిలో మరల రంగు వేయించిన బండి సంగతి వేరు. కర్మాగారములో వేడిచేసి ఆరబెట్టిన రంగు గట్టిది. చేతితో వేసిన ఎనామెలు అంత గట్టిది గాదు. ఎంత జాగ్రత్తగా తీసినను స్టిక్కరుతోపాటు లేవవచ్చును. అట్టి బండిలో మూలనున్న చిన్న స్టిక్కరును ముందు తీసి చూడవలెను. రంగు లేచుచున్నచో పెద్దవాటిని అట్లే ఉంచుట మేలని మా అభిప్రాయము.

మిగిలిన జిగురునకు ఉద్దానపు కొబ్బరినూనె చాలును. రాచి పావుగంట ఆగి, మెత్తని గుడ్డతో తుడిచి, సబ్బునీటితో కడుగవలెను. నూనె మిగిలినచో దుమ్ము పట్టును. లొంగని జిగురునకు కిరసనాయిలు కొద్దిగా గుడ్డకు అద్ది వాడవచ్చును. ఇంజను ఆపి, చల్లారిన పిమ్మటనే ఈ పని చేయవలెను. దగ్గర బీడీ వెలుగరాదు. టైర్లకు, రబ్బరు గొట్టములకు కిరసనాయిలు తగులనీయరాదు. దీపముల ప్లాస్టిక్కు మూతలకు సబ్బునీరే మంచిది. పెట్రోలు, థిన్నరు, గోళ్లరంగు తుడుచు ద్రవము వాడకూడదు. అవి జిగురుతోపాటు రంగును కరిగించును. పెట్రోలుతో అగ్నిభయము కూడ గలదు. కడిగిన నీరు పశువులు త్రాగు చెరువులో కలియరాదు.

స్టిక్కరు తీసినచోట రంగు చుట్టుపట్లకంటె ముదురుగా కనబడును. అది మచ్చ గాదు. అక్కడిదే అసలు రంగు, మిగిలినది ఎండకు వెలసినది. పాలిషుతో ఈ తేడా కొంత తగ్గును. పూర్తిగా పోవలెనని రుద్దినకొలది రంగుపొర పలుచనగును. ఒకవేళ రేకు బయటపడినచో, సన్నని ఉప్పుకాగితముతో తుప్పు తీసి, ఆర తుడిచి, ఆ దినముననే రెడాక్సైడు పూసి, అది ఆరిన తరువాత రంగు వేయవలెను.

అప్పిచ్చినవారి పేరు తీసినంతమాత్రమున అప్పు తీరినట్లు గాదు. రిజిస్ట్రేషను పత్రములో ఆ పేరు కొట్టివేయించుటకు వారి సమ్మతితో 35వ నమూనా ఫారము రవాణా కార్యాలయమునకు ఈయవలెను. పాత బండి కొనువారు స్టిక్కరును గాక, ఆ పత్రమును చూడవలెను.

కొన్నిటిని తీయనేకూడదు. పి.టి.ఓ. షాఫ్టువద్ద చేయి పెట్టరాదని హెచ్చరించు బొమ్మ, ఛాసిస్ సంఖ్యగల రేకు, ట్రాలీ వెనుక వెలుతురు పడగానే మెరయు ఎర్రపట్టీ ఇట్టివి. వరి బస్తాలతో చీకటివేళ రోడ్డుప్రక్క నిలిచిన ట్రాలీని వెనుకనుండి వచ్చు లారీకి చూపునది ఆ పట్టీయే. అది చినిగినచో పాతదానిని పైన చెప్పినట్లు తీసి, క్రొత్తది అంటించిన తరువాతనే ట్రాలీని రోడ్డెక్కించవలెను.